అడవి కొండల్లో సుదీర్ఘ సైకిల్ వలయం: మార్గం వేసుకునే పద్ధతి

అడవుల మధ్య కొండ దారుల్లో ఒక్క రోజులో చుట్టి రావలసిన సుదీర్ఘ సైకిల్ ప్రయాణానికి పూనుకునేవారు చాలామంది ముందుగా కిలోమీటర్లు లెక్క వేస్తారు. ఆ అంకెను బట్టి తెలిసేది తక్కువ. కాగితం మీద మొదట రాసుకోవలసినది మొత్తం ఎక్కుడు, అంటే రోజంతా కలిపి ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కవలసి వస్తుందన్నది. 100 కిలోమీటర్లకు 1,000 మీటర్ల చొప్పున ఎక్కుడు ఉంటే అది మామూలు కొండ ప్రయాణం, 1,500 దాటితే కఠినం, 2,000 దాటితే బాగా అలవాటు ఉన్నవారికి కూడా పరీక్షే అన్నది నేను పాటించే కొలబద్ద. ఆ తరువాత తేల్చుకోవలసినది ఇంకా ముఖ్యం: మధ్యలో కాలు పట్టేసినా, వాన ముంచెత్తినా, సైకిల్ విరిగినా, ఏ ఏ చోట్ల ఈ వలయం నుంచి బయటపడవచ్చు? నా దృష్టిలో మార్గం వేయడమంటే ప్రధానంగా ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఎక్కుడు అంకెను మార్గం గీసే యాప్‌లు ఇస్తాయి గానీ, అడవుల్లో ఆ అంకెను గుడ్డిగా నమ్మరాదు. వీటిలో చాలావాటికి ఆధారమైన ఎత్తుల సమాచారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక ఎండీవర్ నుంచి రాడార్‌తో సేకరించినది. దట్టమైన అడవి మీద ఆ తరంగాలు పూర్తిగా నేల వరకు దిగకుండా చెట్ల కొమ్మల నుంచే చాలావరకు వెనక్కి వచ్చాయి. పైగా అందులో ఎత్తును సుమారు 30 మీటర్ల గళ్లలో నమోదు చేశారు. కొండ వాలును చెక్కి వేసిన రోడ్డు మీద, గీసిన గీత పది మీటర్లు పక్కకు జరిగితే చాలు, లేని ఎత్తుపల్లాలు పుట్టుకొస్తాయి. సొరంగం ఉంటే పైనున్న కొండంతా, వంతెన ఉంటే కిందనున్న లోయంతా లెక్కలోకి వచ్చేస్తుంది. అందువల్ల ఒకే మార్గాన్ని రెండు వేర్వేరు యాప్‌లలో గీసి పోల్చడం, పెద్ద ఎక్కుడు ప్రతిదానికీ అడుగున, శిఖరాన ఉన్న ఎత్తులను సమోన్నత రేఖల పటంలో చూసి తేడా తీయడం మంచిది. మధ్యలో దిగుళ్లు లేని ఎక్కుడుకు ఆ తేడాయే అసలు లెక్క.

గేర్ల విషయంలో అభిమానాన్ని పక్కన పెట్టి లెక్క వేసుకోవాలి. ముందు 34 పళ్లు, వెనుక 34 పళ్లు ఉన్న గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు. 10 శాతం వాలు మీద ఇది నిమిషానికి 12.6 మీటర్ల ఎత్తు ఎక్కడంతో సమానం. మనిషి, సైకిల్, సామాను కలిపి 85 కిలోలైతే గురుత్వాకర్షణను ఎదుర్కోవడానికే దాదాపు 175 వాట్లు కావాలి. వెనుక 28 పళ్లు మాత్రమే ఉంటే అదే లయలో తొక్కడానికి 210 వాట్లకు పైగా పెట్టాలి. ఉదయం పూట ఈ తేడా పెద్దగా తెలియదు. 150 కిలోమీటర్ల తరువాత వచ్చే చివరి కొండ మీద, తొక్కుతూ ఎక్కడానికీ దిగి నడిపించడానికీ మధ్య తేడా అదే.

ఇక సమయం. దీన్ని సగటు వేగంతో కాక ఎక్కుడు, దిగుడు, మిగిలిన దారి అని మూడు ముక్కలుగా అంచనా వేసి, ఆగే సమయాన్ని కలపాలి. ఉదాహరణకు 180 కిలోమీటర్ల వలయంలో 3,200 మీటర్ల ఎక్కుడు ఉందనుకుందాం. సగటు వాలు 6 శాతమైతే ఎక్కే దూరం సుమారు 53 కిలోమీటర్లు. అలవాటున్న ఔత్సాహికుడు రోజంతా నిలబెట్టుకోగలిగిన చొప్పు గంటకు 500 మీటర్ల ఎత్తు అని తీసుకుంటే ఎక్కుళ్లకే ఆరున్నర గంటల దాకా పడుతుంది. అంతే దూరం దిగడానికి గంటకు 32 కిలోమీటర్ల చొప్పున గంటా నలభై నిమిషాలు, మిగిలిన 74 కిలోమీటర్లకు మూడు గంటలు, ఆగే సమయం గంటంబావు. వెరసి పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. పోలికకు చెప్పాలంటే, ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే ఫ్రెంచ్ సైకిల్ సంఘం నియమాల ప్రకారం జరిగే 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువు లోపు పూర్తి చేయవలసిన సుదీర్ఘ సైకిల్ ప్రయాణానికి, ఇచ్చే సమయం పదమూడున్నర గంటలు. లోయల్లో సూర్యుడు కొండ చాటుకు ముందే వెళ్లిపోతాడు కనుక, అస్తమయ సమయాన్ని చూసి వెలుతురు మిగిలి ఉంటుందని ధీమాపడకూడదు. లెక్క ఎలా ఉన్నా ముందు దీపం, వెనుక దీపం ఉండవలసిందే.

మార్గం ఆకారం గురించి కొంత వివరంగా చెప్పాలి. పెద్ద గుండ్రని వలయం పటంలో అందంగా కనిపిస్తుంది గానీ, సగం దూరంలో ఉన్నప్పుడు ముందుకు వెళ్లినా వెనక్కి తిరిగినా ఇల్లు అంతే దూరంలో ఉంటుంది. 8 అంకె ఆకారంలో వేసుకుంటే మధ్యలో ఒకసారి బయలుదేరిన చోటికి దగ్గరగా వస్తాం; అక్కడ నీళ్లు నింపుకోవచ్చు, ఓపిక లేకపోతే ఆపేయవచ్చు. ఏ ఆకారమైనా, వలయం నుంచి జనావాసాలకు దిగే ప్రతి అడ్డదారినీ పటంలో గుర్తించాలి. బయటపడే దారి దిగుడుగా ఉండాలన్నది ఇక్కడ మరచిపోకూడని షరతు. మరో కొండ ఎక్కి తప్పించుకోవడం తప్పించుకోవడం కాదు. రెండు అడ్డదారుల మధ్య దూరం ఎక్కువగా ఉన్న భాగమే ఆ రోజు అసలు ప్రమాదం, నీరు, ఆహారం, పనిముట్లు దాని కోసమే సర్దుకోవాలి. ఆ భాగానికి ముందున్న కూడలి దగ్గర ఒక గడియారపు హద్దు పెట్టుకుని, ఉదాహరణకు మధ్యాహ్నం 2 గంటల లోపు చేరకపోతే కిందికి దిగిపోతానని, ఇంట్లోనే రాసుకోవాలి. అలసిన బుర్ర అక్కడికక్కడ తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ముందుకు వెళ్దామనే ఉంటుంది. ఒకసారి 130వ కిలోమీటరు దగ్గర వంతెన పనుల కోసం రోడ్డు మూసి ఉండడంతో, అప్పుడే దిగివచ్చిన 600 మీటర్ల ఎత్తును నేను తిరిగి ఎక్కవలసి వచ్చింది. అప్పటి నుంచి, ఆ వారంలో ఆ దారిన వెళ్లివచ్చిన వారెవరినైనా అడగకుండా బయలుదేరడం మానేశాను.

వలయాన్ని ఏ దిశలో తిరగాలన్నదీ ఆలోచించవలసిందే. నిటారుగా, ఇరుకుగా, నీడగా ఉన్న వైపు ఎక్కి, వెడల్పుగా ఎండ తగిలే వైపు దిగడం మేలు. నీడ వైపు రోడ్డు మీద తడి, నాచు చాలాసేపు నిలుస్తాయి. మధ్యాహ్నం తరువాత ఉరుములతో వాన పడే కాలమైతే ఎత్తైన శిఖరాన్ని ముందుగానే దాటేలా చూసుకోవాలి.

అడవికి మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని ఉన్నాయి. ఉపగ్రహ చిత్రంలో చెట్ల గొడుగు కింద రోడ్డు తారుదో కంకరదో కనిపించదు. ఎండ, నీడ చారలు చారలుగా పడే చోట గుంత కళ్లెదుటే దాక్కుంటుంది. తడి ఆకులు, మలుపు లోపలి అంచున పేరుకున్న గులకరాళ్లు, కలప లారీలు, ఉదయ సాయంకాలాల్లో రోడ్డు దాటే జంతువులు, రాత్రి మూసేసే అటవీ గేట్లు, ఇవన్నీ మార్గ పత్రంలో చేరాలి. ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకుని పటాలను ముందే దించుకోవాలి. నేనైతే కూడళ్లు, నీళ్లు దొరికే చోట్లు, దూరాలు రాసిన కాగితపు ముక్కను హ్యాండిల్‌కు అతికిస్తాను. దానికి బ్యాటరీ అవసరం లేదు.

దిగుడును విశ్రాంతిగా భావించేవారు చలిని, బ్రేకులను మరచిపోతారు. వాతావరణంలో ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. చెమటతో తడిసిన ఒంటికి వేగంగా దిగేటప్పటి గాలి కూడా తోడైతే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు లివర్‌ను పట్టుకోవడమే కష్టమవుతుంది. గాలి దూరని పలుచని జాకెట్, నిండు చేతి తొడుగులు శిఖరం మీదే, వణుకు మొదలవక ముందే వేసుకోవాలి. బ్రేకును అదే పనిగా నొక్కి పట్టకుండా మలుపుకు ముందు గట్టిగా నొక్కి వదలడం వల్ల రిమ్ము గానీ డిస్కు గానీ చల్లబడే వ్యవధి దొరుకుతుంది. ప్యాడ్ల మందాన్ని ముందు రోజే చూసుకోవాలి.

పైన చెప్పిన 3,200 మీటర్లు ఎక్కడానికే శరీరం సుమారు 2,600 కిలో కేలరీలు ఖర్చు చేస్తుంది. గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండి పదార్థాలు, అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీరు, ఆకలి వేయక ముందే, వాలు తక్కువగా ఉన్న చోట తీసుకోవాలి. సాధన దశలో ఇందులో మూడింట రెండు వంతుల ఎత్తును ఒకే రోజు ఎక్కి చూడాలి. దగ్గరలో ఒక్క గుట్టే ఉంటే దాన్నే పదే పదే ఎక్కవచ్చు. 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లు, రెండు ట్యూబులు, పంపు, చైన్ లింకు, ఆ సైకిల్‌కు సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (వెనుక గేర్లు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) తప్పనిసరి. చివరిది మరో సైకిల్ నుంచి అరువు తెచ్చుకున్నా సాధారణంగా పట్టదు.

బయలుదేరే ముందు రాత్రి, మార్గ పటాన్ని, అడ్డదారుల పేర్లను, తిరిగి వచ్చే సమయాన్ని, ఏ గంట దాటితే సహాయం కోసం కబురు చేయాలో దానినీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒకరి చేతికి ఇవ్వాలి. ఆ గంటను అనుకున్న రాకకు కనీసం మూడు గంటల తరువాత పెట్టండి, ఎందుకంటే సిగ్నల్ లేని లోయలో రెండు పంక్చర్లు వేసుకునేసరికే గంట గడిచిపోతుంది.