హెలికాప్టర్ మోడల్ కడదాం – 4వ పాఠం: బ్లేడ్లకు వంపు

పోయిన పాఠంలో ‘పేవ్ లో’ (అమెరికా వైమానిక దళం వాడిన ఎంహెచ్-53 హెలికాప్టర్) మోడల్ బాడీ రెండు సగాలూ అంటించి, అతుకు మీద పుట్టీ పెట్టాం. అది ఆరేలోపు బ్లేడ్ల పని చూద్దాం. నా లెక్కలో ఈ మోడల్‌కి ప్రాణం పోసేది ఇదే.

ఎంహెచ్-53 పెద్ద రోటర్ (పైన తిరిగే బ్లేడ్ల చక్రం) వ్యాసం సుమారు 22 మీటర్లు. మన కిట్ 1/72 స్కేలుది. 72తో భాగిస్తే 30 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే దాదాపు అడుగు. అసలు హెలికాప్టర్ ఆగి ఉన్నప్పుడు ఆ ఆరు బ్లేడ్లూ సొంత బరువుకే కిందికి వాలతాయి. తిరిగేటప్పుడు అపకేంద్ర బలం వాటిని బిగలాగి పట్టుకుంటుంది, గాల్లోకి ఎత్తే బలానికి (లిఫ్ట్) కొనలు కాస్త పైకే లేస్తాయి. కిట్‌లో మాత్రం తిన్నగా పోతపోసి ఇస్తారు. అలాగే అంటిస్తే నేల మీదున్న హెలికాప్టర్‌కి సీలింగ్ ఫ్యాన్ తగిలించినట్టుంటుంది.

కాబట్టి ముందు ఒకటి తేల్చుకోండి. గల్ఫ్ యుద్ధంలో, 1991 జనవరి 17 తెల్లవారుజామున ‘పేవ్ లో’లు అపాచీ దాడి హెలికాప్టర్లకు దారి చూపిస్తూ ఇరాక్ రాడార్ల మీదికి వెళ్లాయి. ఆ దృశ్యం కోసం దారంతో వేలాడదీస్తారా? అయితే ఈ వంపు అక్కర్లేదు. నేల మీద నిలబెడతారా? చదవండి.

వంపు ఎలా ఉండాలో కోవూరు వైపు పొలాల్లో చూడండి. గింజ నిండిన వరి వెన్ను ఒక్కచోట విరిగినట్టు వంగదు, పొడవునా కొంచెం కొంచెంగా వాలుతుంది. బ్లేడూ అంతే.

జామెట్రీ బాక్సులోని స్టీలు స్కేలు, కుట్టు దారం, తల తీసేసిన అగ్గిపుల్ల చాలు. బ్లేడు పైభాగం పైకి ఉండేలా స్కేలు మీద పెట్టి, సరిగ్గా మధ్యలో అగ్గిపుల్ల అడ్డంగా దూర్చి, రెండు కొసలూ దారంతో కట్టండి. మధ్యలో 2 మిల్లీమీటర్లు లేస్తే, హబ్‌కి (బ్లేడ్లన్నీ కలిసే నడిమి బొడిపెకి) తగిలించాక కొన దానికి నాలుగింతలు, అంటే 8 మిల్లీమీటర్లు వాలుతుంది. కొత్తల్లో నాకిది తెలియక ఏకంగా పెన్సిలు దూర్చాను, బ్లేడు విల్లయింది.

నీళ్లు మరిగాక స్టవ్ ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, స్కేలుతో సహా ఒక నిమిషం ముంచండి. సలసల కాగే నీళ్లలో వద్దు. బ్లేడు వెనక అంచు చాలా పలచన, వేగిన అప్పడంలా అలలు తిరుగుతుంది. ఒకటి అలా పోగొట్టుకున్నాను, కిట్‌లో ఏడో బ్లేడు ఉండదు కదా! తీసి చన్నీళ్లలో పెట్టండి. పూర్తిగా చల్లారాకే దారం విప్పండి, వేడి మీద విప్పితే మళ్లీ తిన్నగా అయిపోతుంది.

ఆరూ అయ్యాక అద్దం ముక్క మీద వరసగా, వంతెనల్లా పేర్చి, కంటిని బల్ల ఎత్తుకు దించి చూడండి. మధ్య సందు ఆరింటికీ ఒకేలా ఉండాలి. తేడా వచ్చినదాన్ని మళ్లీ కట్టి ముంచండి.

రంగు వచ్చే పాఠంలో. ఈ కార్తీకం ముసురు తగ్గేదాకా స్ప్రే డబ్బా మాత్రం ముట్టుకోవద్దు. మన నెల్లూరు తేమకు లాకర్ రంగు మీద తెల్లటి పొర కడుతుంది.