పైన నీళ్లు, కింద ట్యాబ్లెట్లు: రెండు అరల బాటిల్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా

వాకింగ్‌కి వెళ్లే పెద్దవాళ్లు, పొద్దున్నే బస్సెక్కి ఆఫీసుకి పోయేవాళ్లు, షుగరుకో బీపీకో టైముకి ట్యాబ్లెట్ వేసుకోవాల్సినవాళ్లు, వీళ్లందరిదీ ఒకటే గోల. నీళ్ల బాటిల్ చేతిలో ఉంటుంది, ట్యాబ్లెట్ల స్ట్రిప్ ఇంట్లో టీవీ పక్కన ఉంటుంది. రెండూ కలిపి ఉండే బాటిళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, దొరకవని కాదు, కానీ చాలావాటిలో కింద అర మరీ చిన్నది, నాలుగు ట్యాబ్లెట్లు పడితే గొప్ప, ఇంకొన్నిట్లో వాషర్ పోయిందంటే మళ్లీ ఆ సైజు దొరకదు, బాటిల్ మొత్తం పారేయాల్సిందే. మనకి కావాల్సిన కొలతతో మనమే చేసుకుంటే ఒక సాయంత్రం పని, జిగురు ఆరడానికి ఒక రాత్రి.

మొదలుపెట్టే ముందు ఒక్కటి ఫిక్స్ అవ్వండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ఒక డబ్బాలో మధ్యలో అడ్డుగోడ కట్టకూడదు, రెండు పూర్తి డబ్బాలు తీసుకుని బయట నుంచి కలపాలి. యూట్యూబ్‌లో చూసి చాలామంది చేసేదేంటంటే పెద్ద ప్లాస్టిక్ సీసా కోసి, లోపల గుండ్రంగా ఒక ముక్క కత్తిరించి పెట్టి చుట్టూ జిగురు పూసేసి అయిపోయింది అంటారు. అది లీకవుతుంది, ఇవాళ కాకపోతే వచ్చే నెల. చల్లటి నీళ్లు పోసినప్పుడు ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, గోరువెచ్చటివి పోస్తే సాగుతుంది, గట్టిపడిన జిగురు దాంతోపాటు సాగదు కదా, ఎక్కడో ఒక మూల వెంట్రుకవాసి సందు పడితే చాలు, పొద్దున్నకి కింద ఉన్నవన్నీ తడి. పైగా ఆ జిగురు రోజంతా మనం తాగే నీళ్లలోనే నానుతూ ఉంటుంది. అదే నీళ్లదానికి దాని సొంత అడుగు, పొడిదానికి దాని సొంత మూత ఉన్నాయనుకోండి, మధ్యలో అతుకు ఊడినా రెండు ముక్కలు చేతికొస్తాయి తప్ప ట్యాబ్లెట్ తడవదు. టిఫిన్ క్యారేజ్ చూడండి, ఏ గిన్నె అడుగు దానిదే, పప్పు గిన్నెకీ కూర గిన్నెకీ మధ్య ఎవరూ జిగురు పూయలేదు.

పక్కపక్కన రెండు అరలు పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కానీ నీళ్లు తాగేకొద్దీ బరువు ఒక పక్కకి వెళ్లిపోయి బాటిల్ నిలబడదు, మూలల్లో బ్రష్ కూడా తిరగదు. నీళ్ల మధ్యలో గొట్టంలా పొడి అర పెట్టడం ఇంకోటి, అది చుట్టూతా నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి నాకు అస్సలు నచ్చదు. పైన నీళ్లు, కింద పొడి, ఇదే బెస్ట్. జిమ్‌కి వెళ్లేవాళ్ల షేకర్లలో పౌడర్ డబ్బా అడుగున మరతో బిగించి ఉంటుంది చూడండి, అదే పద్ధతి. (నిజానికి ఇంత చదివే ఓపిక లేకపోతే అలాంటి షేకర్ ఒకటి కొనుక్కుని పని కానిచ్చేయొచ్చు, ప్లాస్టిక్ పర్లేదు అనుకునేవాళ్లకి.)

ఏం కొనాలంటే, ఒకటి సింగిల్ వాల్, అంటే గోడ ఒకే పొర ఉన్న స్టీల్ బాటిల్, 750 ఎంఎల్‌ది, రెండోది మర మూత ఉన్న చిన్న స్టీల్ డబ్బా, మూత కూడా స్టీల్‌దే అయ్యుండాలి. ప్లాస్టిక్ ఎందుకు వద్దంటున్నానంటే, మంచి ప్లాస్టిక్ బాటిళ్లు, డబ్బా మూతలు ఎక్కువగా పాలీప్రొపిలీన్, అడుగున త్రికోణంలో 5 అని ఉంటుంది, దానికి మామూలు జిగురు ఏదీ పట్టదు, ఫెవిక్విక్ పెట్టినా అరల్డైట్ పెట్టినా గోరుతో లేపితే పొరలా ఊడొస్తుంది. త్రికోణంలో 2 ఉన్న డబ్బాలూ అంతే. 1 అని ఉండేది పెట్, అంటే కొనుక్కునే మినరల్ వాటర్ సీసా, దాంట్లో మరిగే నీళ్లు పోస్తే చూస్తుండగానే వంకర తిరుగుతుంది, రోజూ వాడే వస్తువుకి అది పనికిరాదు.

స్టీల్ షాపులో 304 అని అడగండి, దాన్నే 18/8 అంటారు, 18 శాతం క్రోమియం 8 శాతం నికెల్ అని. షాపు అతను మాగ్నెట్ పెట్టి చూపించి అంటుకోలేదు కాబట్టి 304 అంటాడు, ఆ మాట పట్టించుకోకండి, నికెల్ తగ్గించి మాంగనీస్ ఎక్కువ కలిపే 202కి కూడా మాగ్నెట్ అంటుకోదు. బాటిల్ మీద గ్రేడ్ కొట్టి ఉందా చూసుకోవడమే మేలు. మజ్జిగ, నిమ్మరసం లాంటి పుల్లటివి పోసే అలవాటుంటే ఇది ఇంకా ముఖ్యం.

ఇప్పుడు కొలతలు. కింద ఏం పెడతారో అవన్నీ ముందు టేబుల్ మీద పరవండి. ట్యాబ్లెట్ స్ట్రిప్పులు, బండి తాళం, మడిచిన నోటు, ఓ గ్లూకోజ్ ప్యాకెట్. వీటిలో అన్నిటికంటే పొడుగుది, వంగనిది ఏదో అదే మీ డబ్బా సైజు చెప్తుంది, స్ట్రిప్ అయితే వంచొచ్చు, తాళం వంగదు. లోపలి వెడల్పు 6.5 సెంటీమీటర్లు, లోతు 3.5 ఉన్న డబ్బాలో ఏటవాలుగా పెడితే దాదాపు 7.4 సెంటీమీటర్ల వస్తువు పడుతుంది, అంతకంటే పొడుగు తాళమైతే ఇంకొంచెం లోతు డబ్బా చూడాలి. ఎంత పడుతుందో లెక్క కూడా ఈజీ, వెడల్పులో సగం తీసుకుని దాన్ని దాంతోనే గుణించి, 3.14తో, తర్వాత ఎత్తుతో గుణిస్తే ఎంఎల్ వచ్చేస్తుంది. ఇందాక చెప్పిన 6.5, 3.5 కొలతల డబ్బాకి అది దాదాపు 116. లెక్కలొద్దంటే డబ్బాలో నీళ్లు నింపి కిచెన్ తూకం మీద పెట్టండి, ఖాళీ డబ్బా బరువు తీసేస్తే ఎన్ని గ్రాములో అన్ని ఎంఎల్.

డబ్బా వెడల్పు బాటిల్ అడుగంత ఉండాలి, ఇంకాస్త ఎక్కువున్నా మంచిదే, తక్కువ మాత్రం ఉండకూడదు. నీళ్లు నిండితే పైన 750 గ్రాములు ఉంటాయి, కింద కాలు సన్నగా ఉంటే టేబుల్ కొంచెం కదిలినా పడిపోతుంది. కారు కప్ హోల్డర్‌లోనో బ్యాగు సైడ్ జేబులోనో పెట్టేవాళ్లు ముందు అది కొలుచుకుని షాపుకెళ్లండి.

ఇక కలపడం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, బాటిల్ అడుగుకి డబ్బాని కాదు అంటించాల్సింది, డబ్బా మూతని. మూత పైభాగం బాటిల్ అడుగుకి ఆనాలి, మర ఉన్న వైపు నేలని చూడాలి. అప్పుడు డబ్బా కింద నుంచి పైకి వచ్చి మరలోకి ఎక్కుతుంది, విప్పినప్పుడు డబ్బా నిటారుగానే చేతిలోకి వస్తుంది, లోపలివి లోపలే ఉంటాయి. ఉల్టాగా డబ్బానే అంటిస్తే మూత విప్పిన ప్రతిసారీ తాళం కాళ్ల మీద, ట్యాబ్లెట్లు రోడ్డు మీద.

స్టీల్ బాటిల్‌ని తిరగేసి చూడండి, అడుగు చదునుగా ఉండదు, మధ్యలో లోపలికి గుంట ఉండి చుట్టూ అంచు మాత్రమే తగులుతుంది. అలాగే జిగురు పెడితే ఆ సన్నటి అంచు మీదే మొత్తం బరువు. అందుకని గుంటని ఎం-సీల్‌తో నింపాలి, రెండు రంగుల ముద్దలూ సమానంగా తీసుకుని ఒకే రంగు వచ్చేదాకా పిసికి, గుంటలో నొక్కి, తడి వేలితో అంచు లెవెల్‌కి సాపు చేయండి. నింపే ముందే 120 నంబర్ ఎమరీ పేపర్‌తో గుంటా అంచూ మూత పైభాగం అన్నీ గీకాలి, ఆ మెరుపు పోయి బూడిద రంగులోకి వచ్చేదాకా, తర్వాత స్పిరిట్‌తోనో ఎసిటోన్‌తోనో తుడిచి ఇక వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు చాలు జిగురు పట్టకుండా చేయడానికి. ఎం-సీల్ గట్టిపడ్డాక దాన్నీ కొంచెం గీకి, తుడిచి, అరల్డైట్ రెండు ట్యూబులూ సమానంగా కలిపి మూత మొత్తానికి పల్చగా పూసి అతికించండి. అయిదు నిమిషాల్లో ఆరే రకం కాదు, రాత్రంతా పట్టే మామూలు రకమే గట్టిగా నిలుస్తుంది. బాటిల్ తలకిందులుగా పెట్టి మూత మీద ఒక చిన్న బరువు ఉంచి వదిలేయండి, జారకుండా నాలుగు పక్కలా టేప్ వేసి. పొద్దున్నే మూతకీ బాటిల్‌కీ మధ్య చుట్టూ కనిపించే సందులో మళ్లీ ఎం-సీల్ దారంలా చేసి నింపితే అక్కడ మురికి చేరదు.

వెల్డింగ్ చేయించేస్తే పోలా అంటారు కొందరు. పల్చటి రేకు, బొక్క పడే ఛాన్స్ ఎక్కువ, బొక్క పడితే అది నేరుగా నీళ్లలోకే. ఇక ఫ్లాస్కు రకం డబుల్ వాల్ బాటిల్ అయితే వెల్డింగ్ గానీ డ్రిల్లింగ్ గానీ ఆలోచనే వద్దు, రెండు గోడల మధ్య వాక్యూమ్ పోయిందంటే అది మామూలు చెంబే.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటి, మరల దిశ. పైన మూతకి మర, కింద డబ్బాకి మర, రెండూ మామూలు కుడి మరలే, అంటే కుడివైపు తిప్పితే బిగిసేవి. ఒక చేత్తో కింద డబ్బా పట్టుకుని ఇంకో చేత్తో పై మూత విప్పారనుకోండి, ఆ తిప్పుడుకి రెండూ ఒకేసారి వదులవుతాయి, రెండిట్లో ఏది లూజుగా ఉంటే అది ముందు ఊడుతుంది. కింద ఎడమ మర పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది, అప్పుడు పై మూత విప్పేటప్పుడు కింద బిగుస్తుంది నిజమే, కానీ పై మూత బిగించేటప్పుడు కిందది వదులవుతుంది, ఒకటి సర్దితే ఇంకోటి. కాబట్టి మర మార్చకండి, కిందది పైదానికంటే బిగుతుగా ఉండేలా చూడండి. డబ్బా మూతలో కొంచెం మందం సిలికాన్ వాషర్ వేస్తే ఆ బిగువు వస్తుంది, కుక్కర్ రిపేర్ షాపుల్లో, ప్లంబింగ్ సామాన్ల షాపుల్లో వాషర్లు దొరుకుతాయి, మూత తీసుకెళ్లి సైజు చూసుకోండి. దాంతోపాటు బాటిల్ నడుముకి ఒక రబ్బరు బ్యాండో, సైకిల్ హ్యాండిల్‌కి చుట్టే గ్రిప్ టేపో చుడితే చెయ్యి దానంతట అదే అక్కడ పడుతుంది, కింద డబ్బా నున్నగానే వదిలేయండి.

వాషర్ ఎంత నొక్కుకోవాలి అంటే దాని మందంలో అయిదో వంతు దాకా నలిగితే చాలు, అంటే 2 మిల్లీమీటర్ల వాషర్ 1.6కి వస్తే సరిపోతుంది. ఇంకా బిగిస్తే వాషర్ చచ్చుబడిపోయి కొన్నాళ్లకి తిరిగి ఉబ్బదు. సిలికాన్ వాసన కూడా పట్టేస్తుంది, ఇంగువ, ఊరగాయ లాంటివి కింద పెడితే ఆ వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు, అలాంటివి పెట్టాలనుకుంటే వేరే డబ్బా ఉంచుకోండి.

ఇంక తడి ఒక్క లీకేజీ వల్లే రాదు. మే నెలలో విజయవాడలోనో వైజాగ్‌లోనో ఫ్రిజ్ నీళ్లు పోసి బయటికి తీసుకెళ్తే బాటిల్ బయటంతా చెమట పడుతుంది కదా, కింద డబ్బా తెరిచి మూసినప్పుడల్లా అదే తేమ గాలి లోపలికి వెళ్తుంది, చల్లటి మూతకి తగిలి లోపల కూడా చుక్కలవుతుంది. ఎం-సీల్ పొర మధ్యలో ఉంది కాబట్టి మన బాటిల్‌లో ఇది కొంచెం తక్కువే, అయినా ట్యాబ్లెట్లు స్ట్రిప్ లోంచి తీసి విడిగా పోయకండి, స్ట్రిప్‌తోనే కత్తిరించి పెట్టండి, ఎక్స్‌పైరీ డేట్ ఉన్న ముక్క ఉంచుకుని. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం చింపకుండా ఒకటి లోపల వేయండి, చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే అది కూడా వద్దు.

వేడి సంగతి దీనికి రివర్స్. ఈ సింగిల్ వాల్ బాటిల్‌లో కాఫీ, టీ పోయకండి, అడుగు కాలిపోతుంది, జిగురు మెత్తబడుతుంది, దాని కిందే మీ మందులు. చాలా మందుల మీద 25 డిగ్రీల లోపు, 30 డిగ్రీల లోపు ఉంచమని రాసే ఉంటుంది. వేడివే కావాలంటే డబుల్ వాల్ బాటిల్ తీసుకుని ఇదే పద్ధతిలో మూత అంటించుకోండి, వేడి అడుక్కి రాదు.

త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉన్నవాళ్లకి ఒక మాట. కింద డబ్బా, దాని మూత ప్రింట్ చేసుకోండి, హాయిగా మనకి కావాల్సిన సైజు వస్తుంది, మర ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ 3 నుంచి 4 మిల్లీమీటర్ల దూరం, ఆడ మగ మరల మధ్య 0.3 నుంచి 0.4 సందు పెడితే గట్టిపడకుండా తిరుగుతుంది. ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ రకాల్లో పీఎల్ఏ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో పార్క్ చేసిన కారులో వదిలేస్తే మూత వంగిపోతుంది, పీఈటీజీ వాడండి. నీళ్ల వైపు మాత్రం ప్రింట్ చేయకండి, పొరకీ పొరకీ మధ్య గీతల్లో బ్రష్ వెళ్లదు, పాచి చేరుతుంది.

వాడే ముందు టెస్ట్ చేయండి. డబ్బాలో మడిచిన టిష్యూ పెట్టి బిగించి, బాటిల్ నింపి, పాత న్యూస్ పేపర్ మీద పడుకోబెట్టి రాత్రంతా వదిలేయండి, పేపర్ తడిస్తే పై మూత వాషర్ చూడాలి. తర్వాత డబ్బా వైపు బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి తీసి, బయట తుడిచి, అప్పుడు విప్పండి, టిష్యూ పొడిగా ఉంటే వాన గురించి భయం లేదు. చివరికి డబ్బా నిండా చిల్లర పోసి, మంచం మీద బాటిల్‌ని మెడ దగ్గర పట్టుకుని గట్టిగా ఊపండి, అతుకు ఊడేదుంటే అక్కడే పరుపు మీద ఊడిపోతుంది, రోడ్డు మీద కాదు.

కడిగేటప్పుడు వాషర్ తీసి కడగండి, దాని కిందే నల్లగా పడుతుంది. మజ్జిగ పోస్తే నింపుకుని మూత బిగించి ఎండలో గంటలు గంటలు తిప్పకండి, పులిసి గ్యాస్ పట్టి మూత తీయగానే మొహం మీదకి చిమ్ముతుంది. పిల్లల స్కూల్ బాటిల్‌కి ఇలాంటిది చేయాలనుకుంటే కింద రబ్బరు, షార్ప్‌నర్ వరకు ఓకే, బటన్ సెల్స్, అంటే గుండీలాంటి చిన్న బ్యాటరీలు, మాత్రం అస్సలు పెట్టకండి, మింగితే చాలా ప్రమాదం. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఈ బాటిల్ టీపాయ్ మీద కాదు, పై అల్మారాలో ఉండాలి, మర తిప్పడం వాళ్లకి మనం అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తుంది.