పైథాన్ స్వయంబోధిని – 7వ పాఠం: ముక్కల నడుమ విభాజకం

గత పాఠంలో ఒక వాక్యాన్ని స్ప్లిట్ అనే మెథడ్‌తో విడదీసి, ఆ ముక్కలను లిస్టులో నిలపడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో అందుకు ఎదురు పని చేస్తాము. లిస్టులోని ముక్కలను, నడుమ మనకు కావలసిన గుర్తును (దీనినే విభాజకం అంటాము) ఉంచి, జాయిన్ అనే మెథడ్‌తో ఒకే స్ట్రింగుగా కూర్చుతాము. ఎప్పటిలాగే ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాము. టైపు చేసేటప్పుడు వాటిని ఆంగ్లాక్షరాలలో రాయాలి. వేరియబుల్ పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు, పైథాన్ 3 వాటిని అంగీకరిస్తుంది.

రంగులు = ["ఎరుపు", "పసుపు", "నీలం"]
ప్రింట్(", ".జాయిన్(రంగులు))

దీని ఫలితం: ఎరుపు, పసుపు, నీలం

ఇదే పనిని ఫర్ లూపుతో చేసి, ప్రతి పదం తరువాత కామాను చేర్చుకుంటూ పోతే, చివరి పదం వెనుక కూడా ఒక కామా మిగిలిపోతుంది. దానిని తొలగించడానికి మరొక షరతు రాయవలసి వస్తుంది. మూడు పదాల నడుమ ఉండేవి రెండు సందులే కనుక జాయిన్ విభాజకాన్ని రెండుసార్లే ఉంచుతుంది. లిస్టులో ఒకే పదం ఉంటే విభాజకం అసలు కనిపించదు, లిస్టు ఖాళీగా ఉంటే ఖాళీ స్ట్రింగు వస్తుంది. పైగా పైథాన్‌లో ఒకసారి ఏర్పడిన స్ట్రింగు మారదు. అందువల్ల కూడిక గుర్తుతో పెంచుకుంటూ పోయినప్పుడు సాధారణంగా ప్రతిసారీ కొత్త స్ట్రింగు తయారవుతుంది. జాయిన్ మాత్రం మొత్తం పొడవును ముందే లెక్కించి, కావలసిన చోటును ఒక్కసారే తీసుకుంటుంది.

మెథడ్ లిస్టుకు కాక విభాజకానికి చెందడం కొత్తవారికి వింతగా తోస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అది అర్రేకే చెందుతుంది. అయితే పైథాన్ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది: లిస్టు, టపుల్ (మార్చలేని లిస్టు వంటిది), జనరేటర్ (ముక్కలను ఒక్కొక్కటిగా అందించేది) వంటి వాటిలో దేనిని ఇచ్చినా ఒకే మెథడ్ సరిపోతుంది.

ఇచ్చిన ముక్కలన్నీ స్ట్రింగులే కావాలి. ఒక్క సంఖ్య ఉన్నా టైప్ ఎర్రర్ వస్తుంది కాబట్టి సంఖ్యలను ముందుగా స్ట్రింగులుగా మార్చుకోవాలి. కింద మ్యాప్ ప్రతి సంఖ్యకూ ఎస్‌టీఆర్‌ను వర్తింపజేసి ఆ పని చేస్తుంది:

"-".జాయిన్(మ్యాప్(ఎస్‌టీఆర్, [10, 20, 30]))

లిస్టుకు బదులు పొరపాటున ఒక స్ట్రింగునే ఇస్తే ఏ ఎర్రరూ రాదు, అందుకే ఈ తప్పు ఆలస్యంగా బయటపడుతుంది. "-".జాయిన్("నీలం") అని రాస్తే పైథాన్ ఆ పదాన్ని అక్షరాలుగా కాక యూనికోడ్ సంకేతాలుగా చూస్తుంది. అంటే న, దాని దీర్ఘపు గుడి, ల, సున్న అనే నాలుగింటి నడుమ మూడు గీతలు పడతాయి. గుడి తన హల్లును విడిచి గీత పక్కకు చేరి, తెరపై చదవలేని రూపం వస్తుంది. తెలుగు పదాన్ని అక్షరాలుగా విడదీయడం వేరే పాఠానికి తగిన విషయం.

విభాజకాన్ని ఎంచుకునేటప్పుడు అది ముక్కలలోనే ఉందేమో చూసుకోవాలి. "ఎరుపు, లేత" అనే ముక్క ఉన్న లిస్టును కామాతో కలిపి, తిరిగి కామాతోనే స్ప్లిట్ చేస్తే మొదటి లిస్టు తిరిగి రాదు. పట్టికల సమాచారాన్ని ఫైలులో దాచేటప్పుడు జాయిన్‌కు బదులు సీఎస్‌వీ మాడ్యూలును (కామాలతో వేరుచేసిన పట్టికల కోసం పైథాన్‌తో వచ్చేది) వాడటం మేలు, అది అటువంటి ముక్కలను కొటేషన్ గుర్తులలో ఉంచుతుంది.

అభ్యాసం: ఖాళీ లిస్టును కామాతో జాయిన్ చేయండి. వచ్చిన స్ట్రింగును కామాతోనే స్ప్లిట్ చేసి, ఫలితంలో ఎన్ని ముక్కలున్నాయో లెన్‌తో చూడండి. సున్నా రాదు; ఎందుకు రాదో వచ్చే పాఠంలో పరిశీలిస్తాము.