చంద్రుడి మీద మనిషి దిగనే లేదనే వారికి జవాబు చెప్పే పద్ధతి

"అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగనే లేదు, అదంతా స్టూడియోలో తీసిన సినిమా" అని వాదించే బాబాయో మావయ్యో విజయవాడలో చాలా ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు. వారికి జవాబు చెప్పదలచుకున్నవారు ఒకేసారి పది ఆరోపణలను తలకెత్తుకోకూడదు. నక్షత్రాల సంగతి చెబుతుండగానే మాట జెండా మీదికి, అక్కడి నుంచి రేడియేషన్ మీదికి మారిపోతుంది, చివరికి ఏదీ తేలదు. అందుచేత "వీటన్నిటిలో మీకు గట్టి అనుమానం ఏది బాబాయ్?" అని అడిగి, ఆ ఒక్కదాన్ని కాగితం మీద రాయించుకుని, అది తేలేవరకు రెండవదాని జోలికి వెళ్లకుండా ఉండడం మంచిది.

తరచుగా ముందు వచ్చేది, ఫొటోల్లోని నల్లని ఆకాశంలో ఒక్క నక్షత్రమైనా ఎందుకు లేదన్న ప్రశ్న. దీనికి ఫోనుతోనే జవాబు చెప్పవచ్చు. చంద్రుడిపై ఆకాశం నల్లగా ఉన్నా, వ్యోమగాములు తిరిగింది పట్టపగలు. ఎండలో మెరిసే నేలను, తెల్లని స్పేస్‌సూట్లను తీయవలసి ఉన్నందున వారి హాసెల్‌బ్లాడ్ కెమెరాల షట్టర్‌ను సాధారణంగా సెకనులో 250వ వంతు సేపు మాత్రమే తెరిచారు. ఒక రాత్రి బాబాయిని బండెక్కించుకుని, ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి అవతల దీపాలు తక్కువగా ఉన్న పొలాల వైపు వెళ్లండి. కంటికి నక్షత్రాలు స్పష్టంగా కనబడుతున్న చోట ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి, షట్టర్‌ను 1/250కి, ఐఎస్ఓను (వెలుగును పట్టే శక్తిని) 160కి దగ్గరగా ఉంచి ఆకాశాన్ని తీస్తే, ఫొటోలో నలుపు తప్ప దాదాపు ఏమీ పడదు. శుక్రుడో గురుడో ఉన్న దిక్కును మాత్రం వదిలేయాలి, ఎందుకంటే అంత కాంతిగల గ్రహాలు చిన్న చుక్కగా పడినా పడవచ్చు. నైట్ మోడ్ అసలే వాడకూడదు. అది కొన్ని సెకన్ల పాటు వెలుగును పోగుచేసి నక్షత్రాలను చూపిస్తుంది, వాదం అక్కడికక్కడే మీ మీదికి తిరుగుతుంది.

నీడలు సమాంతరంగా లేవు కాబట్టి రెండు మూడు లైట్లు వాడారన్నది మరొక ఆరోపణ. మనుషులను మొదటిసారి చంద్రుడి మీదికి చేర్చిన అపొలో 11 దిగినప్పుడు అక్కడ సూర్యుడు సుమారు 10 డిగ్రీల ఎత్తులోనే ఉన్నాడు. కనుక ఈ పరీక్షను కూడా పొద్దు వాలేవేళ కృష్ణ ఇసుకలో, చదునైన చోట చేయాలి. ఒకే ఎత్తున్న నాలుగు కర్రలను వరుసగా నిలువుగా పాతి, సూర్యుడికి ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే, నీడలు విసనకర్ర పుల్లల్లా మీ వైపు విచ్చుకున్నట్టు కనబడతాయి. ఆపైన టేపు పట్టి కొలిస్తే, కర్రల మొదళ్ల మధ్య ఎంత దూరం ఉందో నీడల కొసల మధ్య కూడా అంతే ఉంటుంది. నిజంగా రెండు లైట్లు ఉంటే ప్రతి వస్తువుకూ రెండేసి నీడలు పడాలి, రాత్రి బందరు రోడ్డు దీపాల కింద నడిచే ఎవరికైనా ఆ సంగతి తెలుసు.

గాలి లేని చోట జెండా ఎలా ఊగిందన్న సంగతి త్వరగానే తేలుతుంది. దాని పై అంచులో అడ్డకడ్డీ ఉంది, ముడతలు మడతపెట్టి తీసుకెళ్లినందువల్ల వచ్చినవి. కర్రను నేలలోకి తిప్పి దించుతున్నప్పుడు బట్ట ఊగింది, ఆ ఊపును ఆపే గాలి అక్కడ లేదు.

"మరి టెలిస్కోపులో చూపించు" అనేవారికి కొంత లెక్క చెప్పాలి. హబుల్ టెలిస్కోపు సైతం చంద్రుడి మీద సుమారు 90 మీటర్ల కన్నా చిన్నవాటిని విడదీసి చూపలేదు. వ్యోమగాములు దిగిన నౌకలో అక్కడే మిగిలిపోయిన కింది భాగం కాళ్లతో కలిపి 9 మీటర్ల పైచిలుకు మాత్రమే. దాన్ని చూడాలంటే చంద్రుడి దగ్గరికే వెళ్లాలి. 2009లో వెళ్లి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక ఎల్ఆర్‌ఓ మనుషులు దిగిన చోట్లన్నిటినీ ఫొటో తీసింది. నాసా మాట నమ్మనంటే, 2019లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-2 తీసిన అపొలో 11, 12 స్థలాల చిత్రాలు చూపించండి. దాని కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసే చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద దాదాపు 25 సెంటీమీటర్లకు సమానం.

అక్కడ వదిలిన లేజర్ అద్దాలను (భూమి నుంచి పంపిన లేజర్ వెలుగును తిప్పి పంపేవి) మొదటి సాక్ష్యంగా ఎత్తుకోవడం నాకు ఇష్టం లేదు. సోవియట్ లూనోఖోద్ బండ్ల మీద కూడా, మనుషులు వెళ్లకుండానే, అలాంటి అద్దాలు చేరాయి. తెలివైన ప్రత్యర్థి ఆ మాటే అంటాడు. అంతకన్నా రాళ్లు గట్టి సాక్ష్యం. 1969 నుంచి 1972 వరకు ఆరుసార్లు దిగిన 12 మంది మొత్తం 382 కిలోలు తెచ్చారు, 1970లో యంత్రంతోనే వెళ్లి వచ్చిన సోవియట్ లూనా 16 తెచ్చింది దాదాపు 100 గ్రాములు.

అపొలో 11 మూల టేపులు పోయాయన్నది మాత్రం నిజమే. వాటిని చెరిపి మళ్లీ వాడుకుని ఉంటారని నాసాయే తేల్చింది, ప్రసారమైన వీడియో వేరేచోట్ల భద్రంగా ఉంది. ఈ సంగతిని బాబాయి ఎత్తకముందే మీరే చెప్పేసి, కాగితం మీది తరువాతి అనుమానానికి వెళ్లండి.