ఏడాది ఆల్బమ్‌ల జాబితాని డిసెంబర్ దాకా ఆపొద్దు

నచ్చిన కొత్త ఆల్బమ్‌ల జాబితా రాసుకునే అలవాటుంటే, ఆ పని ఇప్పుడే ఫోన్ నోట్స్‌లో మొదలుపెట్టండి. డిసెంబర్‌లో గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంటే దసరా తర్వాత వచ్చినవే తడతాయి, వేసవిలో ప్రాణం పెట్టి విన్నవి జారిపోతాయి. యాప్‌లు చూపించే ఏడాది లెక్కనీ నమ్ముకోవద్దు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే చాలు, ఒకసారి విన్నట్టే లెక్క. అది ఎన్నిసార్లు మోగిందో చెబుతుంది గానీ మనసుకి ఎంత పట్టిందో చెప్పదు.

మన సినిమా ఆల్బమ్‌లతో ఇంకో చిక్కుంది. పాటలు ఒక్కొక్కటిగా నెలల ముందే వచ్చేస్తాయి. ‘అల వైకుంఠపురములో’ సినిమా 2020 సంక్రాంతిది, ‘సామజవరగమన’ మాత్రం 2019 సెప్టెంబర్‌లోనే వచ్చేసింది. మరి ఏ ఏడాదిలో వేయాలి? నేనైతే ఆల్బమ్ మొత్తం చేతికొచ్చిన ఏడాదికే రాస్తాను.

వినడానికి మెట్రో చాలా బాగుంటుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా దాదాపు 29 కిలోమీటర్లు, ఐదారు పాటల ఆల్బమ్ హాయిగా పూర్తవుతుంది. ముందే డౌన్‌లోడ్ చేసుకుని, షఫుల్ ఆపేసి, వరసగా వినండి. హిట్ పాట పక్కన నలిగిపోయిన మంచి పాట అప్పుడే దొరుకుతుంది! దిగేలోపు ఒక్క వాక్యం రాసుకోండి: ఏ పాట, ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏం నచ్చింది. గీత రచయిత పేరు తప్పకుండా ఉండాలి, అందరం మరిచిపోయేది వాళ్లనే.

సినిమా బయటి పాటలకి వేరే పేజీ పెట్టండి. కచేరీలు, నాటకాలు జరిగే బంజారాహిల్స్‌లోని లమకాన్ లాంటి చోట విన్న గొంతుల పేర్లు కూడా అందులోనే రాసుకుంటే, వాళ్ల ఆల్బమ్ వచ్చినప్పుడు వెతకడం తేలిక.