నానబెట్టినా నురగ రాని పంది వెంట్రుకల షేవింగ్ బ్రష్: సమస్య - పరిష్కారం

"చవక బ్రష్ ఇంతేలే" అనేసి ఇంకోటి కొంటారు. నెల తిరిగేసరికి అదీ అంతే అవుతుంది. తప్పు బ్రష్‌లో ఉంటే గదా!

నురగ రావడం లేదు, వచ్చినా చెంపకు రాసేలోపే అణగిపోతోంది

ముందు చెప్పండి, బ్రష్ నానబెట్టారా? కుళాయి కింద ఒకసారి చూపించి సబ్బు మీద రుద్దడాన్ని నానబెట్టడం అనరు. పంది వెంట్రుక నీళ్లు పీల్చాకే మెత్తబడుతుంది. పొడిగా ఉంటే నురగలోని తడినే తాగేస్తుంది. గోరువెచ్చని నీళ్ల మగ్గులో వెంట్రుకలు మునిగేలా పెట్టి, పళ్లు తోముకుని రండి. కొత్తదైతే కొన్ని వారాలు గుచ్చుకుంటుంది, సబ్బూ ఎక్కువ తింటుంది. వాడేకొద్దీ కొసలు చీలి దారికొస్తుంది.

నానబెట్టినా రాలేదంటే నీళ్లను అనుమానించాలి. ఒంగోలు, కందుకూరు, పొదిలి వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లే. కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, బకెట్ అంచున తెల్లచారలు, గీజర్ కాయిల్‌కు పెంకు. (కనిగిరి నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు గానీ, నురగను చెడగొట్టేవి కాల్షియం, మెగ్నీషియం.) ఇవి సబ్బుతో కలిసి, నీళ్లలో కరగని తెట్టు అవుతాయి. వేసిన సబ్బులో ముందు ఆ తెట్టుకు పోయేది పోగా, మిగిలిందే నురగ.

ఇంతవరకూ తెలిసినవాళ్లు కూడా ఒకచోట బోల్తా పడతారు. "క్యాను నీళ్లతో చేసి చూశాం, అయినా రాలేదు, కాబట్టి బ్రష్‌దే తప్పు" అంటారు. అన్నాళ్లూ పేరుకున్న తెట్టు బ్రష్ లోపలే ఉందాయె! నీళ్లు మార్చినంత మాత్రాన అది పోదు, కొత్త సబ్బునూ చెడగొడుతుంది. ఆరిన బ్రష్‌ను వెలుతురులో పట్టుకుని, రెండు బొటనవేళ్లతో వెంట్రుకలను మొదలుదాకా విడదీయండి. కొసలు శుభ్రంగానే కనిపిస్తాయి. వెంట్రుకలను పిడికి అతికించిన జిగురు దగ్గర తెల్లగానో బూడిదరంగుగానో, గోటితో గీకితే మైనంలా వచ్చేదే ఆ తెట్టు. అరచేతి మీద తట్టితే తెల్లపొడి రాలడం ఇంకో గుర్తు.

గ్లాసుడు క్యాను నీళ్లలో అరచెక్క నిమ్మరసం వడగట్టి పోయండి. గూడూరు నిమ్మకాయలు చేతికందే చోట ఉండి వెనిగర్ కోసం పరుగెందుకు! ఇంట్లో ఉంటే మాత్రం రెండు చెంచాల తెల్ల వెనిగర్ పనికొస్తుంది. బ్రష్‌ను అందులో పావుగంట ఉంచి, వెంట్రుకల మొదళ్లను వేళ్లతో పిసకండి. తర్వాత చుక్క షాంపూతో కడిగి విదిలించండి. ఇంకా మిగిలితే మర్నాడు మళ్లీ చేయండి గానీ రాత్రంతా వదిలేయొద్దు. మరిగే నీళ్లు అసలే వద్దు, జిగురు వదులుతుంది.

ఇకమీదట నానబెట్టడానికీ నురగకూ క్యాను నీళ్లు ఒక మగ్గు చాలు. మొహం బోరు నీళ్లతో కడుక్కోండి, బ్రష్ చివరి కడుగు మాత్రం ఆ మగ్గు నీళ్లతోనే.

వెంట్రుకలు రాలుతున్నాయి

కొత్తలో నాలుగైదు రాలితే పట్టించుకోకండి. కుచ్చులుగా ఊడితే జిగురు సరిగా పట్టలేదన్నమాట, కొట్లో ఇచ్చి మార్చుకోండి.

వాసన

కొత్తదానికి పశువుల వాసన ఉంటుంది, షాంపూతో నాలుగుసార్లు కడిగితే పోతుంది. ముక్కిన వాసనైతే తడి బ్రష్‌ను అలమరలో మూసిపెడుతున్నట్టే. గాలికి పెట్టండి.

ఎంత నానినా మెత్తబడదు

నైలాన్ అంటగట్టి ఉంటారు. రాలిన వెంట్రుక ఒకటి కాల్చి చూడండి. పందిదైతే జుట్టు కాలిన కంపు కొట్టి, నలిపితే పొడి అవుతుంది. నైలాన్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. తెలిసి కొనుక్కుంటే నైలాన్ కూడా పనికొస్తుంది, నానబెట్టే పని కూడా ఉండదు. పంది వెంట్రుకల పేరుతో అమ్మితే మాత్రం తీసుకోకండి.