సోలర్ రిఫరెన్స్ గైడ్‌లో స్ట్రీమింగ్ ఫంక్షన్ల వివరణ చేర్పించే విధానం

అపాచీ సోలర్ సెర్చ్ ఇంజిన్‌లో శోధన ఫలితాలను ప్రవాహంలా అందుకొని వాటిని కలపడానికి, వడకట్టడానికి, లెక్కకట్టడానికి స్ట్రీమింగ్ ఎక్స్‌ప్రెషన్లు ఉన్నాయి. వీటిలో వాడే ఏదైనా ఫంక్షన్‌కు అధికారిక రిఫరెన్స్ గైడ్‌లో వివరణ లేకపోయినా, ఉన్నది అసంపూర్తిగా ఉన్నా, ఎవరైనా రాసి పంపవచ్చు. ఇందుకు రుసుము ఏదీ లేదు. ముందే ఈ మాట చెప్పడానికి కారణం, "ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మీ పేరు ఎక్కిస్తాం" అంటూ ఇంజనీరింగ్ విద్యార్థుల దగ్గర సొమ్ము తీసుకొనేవారు ఉండటమే. మార్పును చేర్చే అధికారం ప్రాజెక్టు కమిటర్లకే (మూల కోడ్‌ను మార్చే హక్కున్న సభ్యులకే) ఉంటుంది; మధ్యవర్తి చేయగలిగినది ఏమీ లేదు.

ముందుగా జిరాలో, అంటే లోపాలను, మార్పులను టికెట్లుగా నమోదుచేసే సైటులో, ఖాతా ఉండాలి. స్పామ్ బెడద కారణంగా అపాచీ ఫౌండేషన్ 2022లో నేరుగా ఖాతా తెరిచే వీలును తొలగించింది కనుక, ఇప్పుడు ఫౌండేషన్ స్వయంసేవా పేజీలో అభ్యర్థన పెట్టాలి. ఏ ఫంక్షన్ వివరణలో ఏ లోపం సరిచేయదలచారో అందులో ఒకటి రెండు వాక్యాల్లో రాయడం మంచిది. అక్షరదోషాల వంటి చిన్న సవరణలకు జిరా టికెట్ అక్కరలేదు, కోడ్ ఉండే గిట్‌హబ్ సైటులో పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చమనే అభ్యర్థన) సరిపోతుంది.

గైడ్ మూలప్రతులు ఆస్కీడాక్ అనే సాదా టెక్స్ట్ రూపంలో సోలర్ కోడ్‌తో పాటే ఉంటాయి. సెర్చ్, ఫేసెట్ వంటి ప్రవాహాన్ని పుట్టించే ఫంక్షన్లు సోర్సుల పేజీలోకి, మెర్జ్, యూనిక్, రోలప్ వంటి మరో ప్రవాహాన్ని తీసుకొని మార్చేవి డెకరేటర్ల పేజీలోకి, ఒక్కో విలువపై లెక్క చేసేవి ఎవాల్యుయేటర్ల పేజీలోకి వెళ్తాయి. శీర్షికలో జావా క్లాసు పేరు కాకుండా, వాడుకరి టైపు చేసే పేరే ఉండాలి. దాని కింద వివరణ, పారామీటర్లు, సింటాక్స్ వరుసగా వస్తాయి. ఇంతవరకు ఎవరికీ పెద్దగా ఇబ్బంది రాదు.

చాలామంది తడబడేది ఉదాహరణ దగ్గర. సెర్చ్ ఫంక్షన్‌లో హ్యాండ్లర్ (అభ్యర్థనకు జవాబిచ్చే సోలర్ భాగం) పేర్కొనకపోతే అది సెలెక్ట్ హ్యాండ్లర్‌ను వాడుకుంటుంది, రోస్ (rows) పారామీటర్‌లో అడిగినన్ని వరుసలే తెస్తుంది. మొత్తం ఫలితాలు కావాలంటే ఎక్స్‌పోర్ట్ హ్యాండ్లర్ పెట్టాలి, అయితే అందులో అడిగే ఫీల్డులకు డాక్‌వాల్యూస్ (విలువలను ఫీల్డువారీగా భద్రపరిచే అమరిక) ఉండాలి. అంతకన్నా ముఖ్యమైనది సార్ట్ క్రమం. జిల్లావారీగా మొత్తాలు తీసే రోలప్ ఉదాహరణ రాశారనుకోండి. రోలప్ తనకు అందే వరుసలు జిల్లా పేరు ప్రకారమే వస్తాయని నమ్మి, పేరు మారగానే ఆ మొత్తాన్ని ముగించేస్తుంది. తేదీ ప్రకారం సార్ట్ చేసిన ప్రవాహాన్ని ఇస్తే గుంటూరు నాలుగుచోట్ల నాలుగు మొత్తాలతో కనిపించవచ్చు. ఒకే విలువ మళ్ళీ వస్తే తొలగించే యూనిక్‌లో ఇదే పొరపాటు చేస్తే సోలర్ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. రోలప్ మాత్రం మౌనంగా తప్పు లెక్క చేతిలో పెడుతుంది. గైడ్‌లోని ఉదాహరణను యథాతథంగా అతికించుకొనే వాడుకరికి ఇది తెలిసే అవకాశం తక్కువ. అందుచేత ఫంక్షన్ ఏ క్రమంలో సార్ట్ అయిన ప్రవాహాన్ని కోరుతుందో వివరణలోనే ఒక వాక్యంగా రాయాలి, ఉదాహరణను కనీసం రెండు షార్డులుగా (ముక్కలుగా) విభజించిన కలెక్షన్‌పై, అంటే సోలర్‌లోని డేటా సముదాయంపై, నడిపి చూశాకే పంపాలి. నా అభిప్రాయంలో ఈ ఒక్క వాక్యం లేని వివరణ అసలు లేకపోవడమే నయం.

తర్వాత గ్రేడిల్ అనే బిల్డ్ సాధనంతో గైడ్ సైటును సొంత కంప్యూటర్‌లో నిర్మించి లింకులు సరిచూసుకొని, మెయిన్ బ్రాంచికి పుల్ రిక్వెస్ట్ పంపాలి. జిరా టికెట్ ఉంటే దాని సంఖ్యను శీర్షికలో పెట్టాలి. మీ బ్రాంచిలో మార్పులు చేయడానికి నిర్వాహకులకు అనుమతినిచ్చే గడిని టిక్ చేసి ఉంచితే చిన్న తప్పులను వారే దిద్దుతారు. మార్పులు కోరుతూ వ్యాఖ్య వస్తే అది తిరస్కారం కాదు. సమీక్షకులు స్వచ్ఛందంగా పనిచేసేవారు కనుక జవాబు ఆలస్యం కావడమూ మామూలే.

చేరిన వివరణ రాబోయే విడుదలకు చెందిన గైడ్‌లో వస్తుంది. పాత వెర్షన్ పేజీలో కనిపించలేదని అదే మార్పును మళ్ళీ పంపనవసరం లేదు.